"మా ఆచారం ఒప్పుకోదండీ" అనే ముందు

2014లో చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూ బయట ఈ మాట అన్నది నేనే. సూళ్ళూరుపేట దాటాక హైవే మీద మా పెదనాన్న బండిని లారీ గుద్దింది, తలకి దెబ్బ, నెల్లూరు తీసుకెళ్ళకుండా నేరుగా చెన్నై తెచ్చేశారు. మూడో రోజు సాయంత్రం డాక్టర్ వచ్చి బ్రెయిన్ డెడ్ అన్నాడు, అరగంట కూడా కాకముందే ఇంకొకావిడ వచ్చి అవయవదానం గురించి తమిళంలో మొదలుపెట్టింది. మా వాళ్ళలో తమిళం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పే పని నా మీద పడింది. పెద్దమ్మ అడిగింది ఒక్కటే ప్రశ్న: "గుండె కొట్టుకుంటోంది కదరా, ఒళ్ళు వెచ్చగానే ఉంది కదా?" దానికి జవాబు నాకు తెలియదు. తెలియదని ఒప్పుకునే ధైర్యం లేక, ఆ కోఆర్డినేటర్ వైపు తిరిగి మా ఆచారం ఒప్పుకోదండీ అనేశాను. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది.

మా ఆచారం ఏం చెబుతుందో ఆ రోజు మాలో ఒక్కరికీ తెలియదు. పంతులుగారిని అడగలేదు, ఏ పుస్తకమూ తిరగెయ్యలేదు. అప్పటినుంచి ఈ పదేళ్ళలో ఇదే మాట చాలా నోట విన్నాను, ఎందుకంటే నెల్లూరు నుంచీ తిరుపతి నుంచీ వైద్యానికి చెన్నై వచ్చే మనవాళ్ళు ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు, నేను వెళ్తూనే ఉంటాను. ప్రతిసారీ ఆ మాట వెనక వేరే ఏదో ఉంటుంది. అదేంటో విప్పి చూపించాలనే ఇది రాస్తున్నాను.

ముందు మన భాష సంగతి చెప్పాలి. బ్రెయిన్ డెడ్ అయిన మనిషిని మన తెలుగు పేపర్లు "జీవన్మృతుడు" అని రాస్తాయి. అంటే బతికి ఉండీ చచ్చినవాడు అనే కదా ఎవరికైనా అర్థమయ్యేది? ఆ మాట విన్న భార్యకి సగం ప్రాణం ఇంకా ఉందనే అనిపిస్తుంది, సగం ప్రాణం ఉన్న మనిషిని కోయించడానికి ఎవరు ఒప్పుకుంటారు! తమిళంలో దీన్ని "మూళైచ్చావు" అంటారు, మెదడు చావు, అంతే. పక్క బెడ్ తమిళ కుటుంబానికి మొదటి మాటలోనే చావు అని తెలుస్తోంది, మనకి చివరిదాకా తెలియడం లేదు. నన్నడిగితే ఆ జీవన్మృతుడు అనే మాటని మనం వదిలెయ్యాలి.

అసలు జరిగేది ఇది. మెదడు అడుగున కాండం ఉంటుంది, మనం ఊపిరి పీల్చాలనే ఆజ్ఞ అక్కడినుంచే వస్తుంది. అది చచ్చిపోతే మనిషి తనంతట తాను ఒక్క శ్వాస కూడా తీసుకోలేడు. కానీ గుండెకి కొట్టుకోమని చెప్పే చిన్న కణాల గుంపు గుండెలోనే ఉంది, మెదడు ఆజ్ఞ కోసం అది ఆగదు, వెంటిలేటర్ గాలి నింపుతున్నంతసేపు కొన్ని గంటలో కొన్ని రోజులో అది కొట్టుకుంటుంది. అందుకే ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. కోమా వేరు. కోమాలో మెదడు కాండం పనిచేస్తూ ఉంటుంది, మనిషి తిరిగి లేచే అవకాశం ఉంటుంది. ఇక్కడ అలాంటి అవకాశం లేదు. 1994లో వచ్చిన అవయవ మార్పిడి చట్టం దీన్ని చావుగానే గుర్తించింది. నలుగురు డాక్టర్ల బృందం చూడాలి, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చెయ్యాలి, వెంటిలేటర్ కాసేపు తీసి శ్వాస కోసం ఒళ్ళు ప్రయత్నిస్తుందేమో చూసే పరీక్ష కూడా అందులో ఉంటుంది, అవయవాలు మార్చే సర్జన్లు ఆ బృందంలో ఉండకూడదు. ఇవన్నీ ఎవరైనా పెద్దమ్మని కూర్చోబెట్టి తెలుగులో చెప్పి ఉంటే ఆవిడ ఏమనేదో నాకు తెలియదు, కానీ చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఉంది, అది ఆ రోజు ఎవరూ తీర్చలేదు, నాతో సహా.

ప్రాణం సంగతి ఇక్కడే వస్తుంది. మన పెద్దవాళ్ళు ప్రాణాన్ని ఒక్క ముద్దగా అనుకోలేదు. పంచప్రాణాలు అందరికీ తెలుసు, వాటికి తోడు ఇంకో అయిదు ఉపప్రాణాలు చెబుతారు, అందులో ధనంజయం అనే వాయువు మనిషి పోయాక కూడా దేహాన్ని వదలదని యోగ గ్రంథాలు చెబుతాయి. ఇది వైద్యానికి రుజువని నేననడం లేదు. ఒంట్లో ఏదో ఒక కదలిక ఉన్నంతమాత్రాన జీవుడు ఉన్నట్టే అని మన సంప్రదాయం ఎప్పుడూ అనుకోలేదు, నేను చెప్పేది అంతవరకే.

ఇక అందరూ పైకి చెప్పే భయం ఒకటుంది: ఈ జన్మలో కళ్ళిస్తే వచ్చే జన్మలో గుడ్డివాడిగా పుడతారని. మా అమ్మమ్మ కూడా అనేది. దీని గురించి పెరంబూర్‌లో మా ఇంటికి వచ్చే పురోహితుడిగారిని ఒకసారి అడిగాను, ఆయన ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఆయన నన్నే తిరిగి ఒక ప్రశ్న అడిగారు, పది రోజులూ పిండాలు ఎందుకు పెడతామో తెలుసా నాయనా అని. గరుడ పురాణం చెప్పేది ఏమిటంటే, పాత దేహం అగ్నిలో పోయింది కాబట్టి ప్రయాణానికి జీవుడికి కొత్త దేహం కావాలి, ఆ దేహం రోజుకో పిండంతో కట్టబడుతుంది, మొదటి రోజు తల, ఆ తర్వాత మెడ, భుజాలు, అలా ఒక్కో భాగం. "ఉన్న కళ్ళు పట్టుకెళ్ళే పనైతే పిండం పెట్టడం దేనికి?" అన్నారాయన. మనం శవాన్ని దహనం చేసే జనం, రెండు గంటల్లో బూడిదయ్యే కళ్ళ గురించి వచ్చే జన్మకి లెక్క కట్టడం మన కర్మకాండకే పొసగదు. వైకుంఠరథంలో భగవద్గీత పెడతాం కదా, చినిగిన బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు అని చెప్పే శ్లోకం అందులో వస్తుంది, వింటూ వెనక నడుస్తాం.

కానీ అంతకంటే లోతుగా పాతుకుపోయిన భయం అపమృత్యువు గురించి. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అవయవాలు ఇవ్వగలిగిన స్థితిలో పోయేవాళ్ళలో ఎక్కువమంది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు, ముప్ఫై, నలభై ఏళ్ళవాళ్ళు. సరిగ్గా ఇలాంటి చావులకే మన ఇళ్ళలో భయాలు ఎక్కువ, ఆత్మ తిరుగుతుందంటారు, నారాయణ బలి చేయించాలంటారు. అలాంటి దేహాన్ని ఇంకా కోస్తే ఏమవుతుందో అని వణికిపోతారు. అయితే యాక్సిడెంట్ అన్నాక పోలీసు కేసు, పోలీసు కేసు అన్నాక పోస్ట్‌మార్టం ఎలాగూ తప్పదు. అవయవాలు ఇచ్చినా ఇవ్వకపోయినా కోత ఉంటుంది. మా పెదనాన్నకీ అయింది. మేం వద్దన్నది కోతని అనుకున్నాం, నిజానికి మేం ఆపగలిగింది కోతని కాదు, దానివల్ల ఇంకొకరికి జరిగే మేలుని.

ఆలస్యం అవుతుందనే బాధ మాత్రం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. ఊళ్ళో బంధువులు ఎదురుచూస్తుంటారు, పొద్దుగుంకేలోపు దహనం అయిపోవాలంటారు, ముస్లిం ఇళ్ళలో అయితే ఎంత త్వరగా ఖననం చేస్తే అంత మంచిదంటారు. పరీక్షలకీ, ఎవరికి ఏ అవయవం వెళ్ళాలో తేల్చడానికీ ఒక రోజు దాకా పట్టొచ్చు. ఒకప్పుడు సూర్యాస్తమయం తర్వాత పోస్ట్‌మార్టం చేసేవాళ్ళు కాదు కాబట్టి ఇంకో రాత్రి మార్చురీలో గడిచేది. 2021 నవంబరులో కేంద్రం ఆ నియమం మార్చింది, హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణం లాంటి కేసులు తప్ప మిగతావి వసతులున్న ఆసుపత్రుల్లో రాత్రి కూడా చెయ్యొచ్చు. ఆ మార్పుకి చెప్పిన కారణాల్లో అవయవదానం కూడా ఒకటి.

పురాణాల్లో మనకి దాతలకి కొదవ లేదు. వెన్నెముక ఇచ్చిన దధీచి, పావురం కోసం తొడ మాంసం కోసిచ్చిన శిబి. చెన్నై నుంచి మూడు గంటలు బస్సెక్కితే శ్రీకాళహస్తి, శివుడి కంటి నుంచి నెత్తురు కారుతుంటే తన కన్ను పెరికి పెట్టిన తిన్నడు, మన కన్నప్ప. రెండో కన్ను కూడా పెరకబోతూ చోటు గుర్తుండాలని లింగం మీద కాలి బొటనవేలు ఆనించిన ఆ కథని తెలుగువాళ్ళూ తమిళులూ ఇద్దరూ తమదే అంటారు. శిబి కథ బౌద్ధ జాతకాల్లో ఇంకోలా ఉంది, అందులో ఆయన ఇచ్చేది కళ్ళే. శ్రీలంకలో 1961లో ఒక డాక్టర్ మొదలుపెట్టిన నేత్రదాన సంఘం వేల కార్నియాలు, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలు, బయటి దేశాలకి పంపిందంటే ఆ కథ అక్కడ ప్రతి పిల్లాడికీ తెలియడం కూడా ఒక కారణం.

ఈ కథలన్నీ అవయవదానం సభల్లో తప్పకుండా చెబుతారు, చెప్పి, చూశారా మన ధర్మం ఎప్పుడో ఒప్పుకుంది అంటారు. నాకు మాత్రం అక్కడ ఒక పెద్ద సంగతి జారిపోతోందనిపిస్తుంది. దధీచి, శిబి, కన్నప్ప ముగ్గురూ తామే ఇచ్చారు, తెలివిలో ఉండి, నోటితో చెప్పి ఇచ్చారు. మన దృష్టిలో దానానికి సంకల్పం ఉండాలి, ఎవరిదో వాళ్ళే నీళ్ళు వదలాలి. ఐసీయూ బయట అడిగేది అలాంటిది కాదు, పడి ఉన్న మనిషి తరఫున ఇంకొకరు ఇవ్వాలి. పెదనాన్న ఏ రోజూ ఈ విషయం మాట్లాడలేదు. పెద్దమ్మ ఆ రాత్రి ఇంకో మాట కూడా అంది, అప్పుడు నేను సరిగ్గా వినలేదు: "ఆయన ఒళ్ళు నేనెట్లా ఇస్తానురా?" ఇది మూఢనమ్మకం కాదు. నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో అసలైన ధర్మసందేహం ఇదొక్కటే, మిగతావన్నీ దీని చుట్టూ అల్లుకున్నవి. చట్టం కూడా ఒక రకంగా దీన్నే ఒప్పుకుంటుంది, బతికుండగా మనం అవయవదాత కార్డు తీసుకున్నా చివరికి ఆసుపత్రివాళ్ళు ఇంట్లోవాళ్ళ సంతకం అడుగుతారు. అందుకే ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా జేబులో పెట్టుకున్న కార్డు ఎందుకూ కొరగాదు, కార్డు లేకపోయినా భోజనాల దగ్గర నాలుగుసార్లు గట్టిగా చెప్పిన మాట పనికొస్తుంది.

ముస్లింల విషయంలో ఈ సందేహం ఇంకో రూపంలో ఉంటుంది. దేహం అల్లా ఇచ్చిన అమానత్, మనది కాని దాన్ని ఎలా ఇస్తామని మన ఉపఖండంలో చాలామంది ఉలేమాలు, అంటే మత పండితులు, వద్దంటారు, చనిపోయినవాడి ఎముక విరచడం బతికున్నవాడి ఎముక విరచడం లాంటిదే అనే హదీసు, అంటే ప్రవక్త మాట, చూపిస్తారు. అదే సమయంలో జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (మత ధర్మశాస్త్ర) అకాడెమీ 1988లో షరతులతో అనుమతించింది, బతికుండగా ఆ మనిషి గానీ తర్వాత వారసులు గానీ ఒప్పుకోవాలి, అమ్మకం కూడదు. ఒక్క ప్రాణం కాపాడితే మానవజాతినంతా కాపాడినట్టే అన్న ఖురాన్ వాక్యం వాళ్ళకి ఆధారం. అంటే "ఇస్లాం ఒప్పుకోదు" అన్నా పూర్తిగా నిజం కాదు, "ఒప్పుకుంటుంది" అన్నా కాదు, ఎవరి మాట వింటారన్నది ఆ కుటుంబం ఇష్టం. క్రైస్తవుల్లో పునరుత్థానం రోజు దేహం నిండుగా ఉండాలనే భయం పల్లెల్లో వినిపిస్తుంది కానీ చర్చి వైపు నుంచి అడ్డేమీ లేదు, పోప్ రెండో జాన్ పాల్ 2000లో అవయవ మార్పిడి డాక్టర్ల సభకే వెళ్ళి దీన్ని ప్రేమతో చేసే పనిగా మెచ్చుకున్నాడు. కేరళలో పాలా సహాయ బిషప్ జేకబ్ మురిక్కన్ 2016లో తన కిడ్నీ ఒక హిందూ యువకుడికి ఇచ్చాడు.

మతమే అడ్డమనుకునేవాళ్ళు స్పెయిన్‌ని చూడాలి. క్యాథలిక్ దేశం, 1989లో అక్కడ పది లక్షల జనాభాకి దాతలు సుమారు 14 మంది, ఇప్పుడు దాదాపు 50. ఈ మధ్యలో మతం మారలేదు. ఆసుపత్రుల్లో దీనికోసమే శిక్షణ పొందిన డాక్టర్లని కోఆర్డినేటర్లుగా పెట్టారు, కుటుంబంతో ఎప్పుడు మాట్లాడాలో ఎలా మాట్లాడాలో నేర్పారు. మన దేశంలో ఆ సంఖ్య ఒకటి కూడా లేదు.

తమిళనాడు సొంత కథ కూడా అలాంటిదే. ఇక్కడ అపనమ్మకానికి గట్టి కారణాలున్నాయి. మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న విల్లివాక్కానికి ఒకప్పుడు "కిడ్నీవాక్కం" అని పేరు, అప్పులపాలైనవాళ్ళు కిడ్నీలు అమ్ముకునేవాళ్ళు. సునామీ తర్వాత ఉత్తర చెన్నైలోని ఎర్నావూర్‌లో జాలరి ఆడవాళ్ళు అమ్ముకున్న సంగతి 2007లో బయటపడింది. అలాంటి ఊళ్ళో ఆసుపత్రి మనిషి వచ్చి అవయవం అంటే జనం నమ్మకపోవడంలో తప్పేముంది? డాక్టర్లని నమ్మం అని డాక్టర్ ముఖం మీదే అనలేక ఆచారం పేరు చెప్పేవాళ్ళని నేను చూశాను. 2008లో ప్రభుత్వం అవయవాల పంపకాన్ని తన చేతిలో పెట్టుకుని వరసక్రమం ప్రకారం పంచే పద్ధతి తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఒక డాక్టర్ దంపతులు బైక్ ప్రమాదంలో పోయిన తమ పదిహేనేళ్ళ కొడుకు అవయవాలు ఇచ్చారు. ఆ గుండెని పోలీసులు ట్రాఫిక్ ఆపి 11 నిమిషాల్లో నగరం దాటించారు, అది చేరింది బెంగళూరు నుంచి వచ్చిన ఒక చిన్నపిల్లకి. ఆ అబ్బాయి పేరు చెన్నైలో ఇప్పటికీ ఆటోవాళ్ళకి కూడా గుర్తే.

2023 సెప్టెంబర్‌లో వచ్చిన ఇంకో నిర్ణయం నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. అవయవాలు ఇచ్చిన మనిషి అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామన్నారు. కలెక్టరో, ఆయన తరఫున ఇంకో అధికారో ఊరికొచ్చి పూలదండ వేస్తారు. రోడ్డు మీద దిక్కులేని చావు చచ్చాడని ఊరు అనుకోవాల్సిన మనిషికి ఊరంతా లేచి నిలబడుతుంది. అపమృత్యువు భయానికి ఇంతకంటే మంచి శాంతి ఏ పూజలో ఉంటుంది? 2024లో ఈ రాష్ట్రంలో 268 మంది చనిపోయాక అవయవాలు ఇచ్చారు, దేశంలో అదే ఎక్కువ. లాంఛనాల వల్లే అని నేననను గానీ, వాటి ప్రభావం లేదంటే నమ్మను.

ఒక్క విషయం మాత్రం నన్ను బాగా బాధపెడుతుంది. మన దేశంలో బతికుండగా కిడ్నీ, కాలేయం ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, భార్యలు, తల్లులు. తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. భార్య కిడ్నీ ఇస్తానన్నప్పుడు వచ్చే జన్మలో ఒక్క కిడ్నీతో పుడుతుందేమో అని ఏ ఇంట్లోనైనా ఎవరైనా అడగగా విన్నారా? నేను వినలేదు. పోయిన మగవాడి కిడ్నీ అడిగినప్పుడు గుర్తొచ్చే శాస్త్రం బతికున్న ఆడమనిషి ఒళ్ళు కోసేటప్పుడు గుర్తు రాకపోతే, అది శాస్త్రం మాట అని నేనెలా అనుకోగలను? చనిపోయినవాళ్ళ నుంచి వచ్చే అవయవాలు పెరిగితే ఈ ఆడవాళ్ళ మీద భారం తగ్గుతుంది. ఈ సంగతి దానం గురించి మాట్లాడే సభల్లో అసలు వినిపించదు.

కళ్ళ సంగతి వేరని చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను. గుండె, కాలేయం, కిడ్నీలు ఇవ్వాలంటే సాధారణంగా ఐసీయూలో బ్రెయిన్ డెడ్ అయి ఉండాలి. కళ్ళు ఇంట్లో మామూలుగా పోయినా ఇవ్వొచ్చు, ఆరు గంటల్లోపు. అక్కడ గుండె కొట్టుకుంటోంది కదా అనే సందేహమే లేదు. ఫోన్ చేస్తే ఐ బ్యాంక్ వాళ్ళే ఇంటికి వస్తారు, వాళ్ళు వచ్చేదాకా కనురెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి, ఫ్యాన్ ఆపెయ్యాలి.

2021 అక్టోబర్‌లో బెంగళూరులో పునీత్ రాజ్‌కుమార్ పోయినప్పుడు ఆయన కళ్ళతో నలుగురికి చూపు వచ్చిందని టీవీలో చెబుతుంటే మా అమ్మ అన్నం తింటూ చూస్తోంది. రెండు కళ్ళతో నలుగురికెలా అంది, కార్నియా పొరలు విడదీసి ఒక్కోటి ఇద్దరికి పెట్టారట అన్నాను. "నాకు శుక్లాల ఆపరేషన్ అయింది కదా, నావి పనికొస్తాయా?" అంది. కనుక్కుని చెప్పాను, పనికొస్తాయి, శుక్లం లోపల కటకానికి, ఇచ్చేది పైన కార్నియా అని. అయితే ఇచ్చెయ్యండి అంది, ఆ తర్వాత రెండేళ్ళలో ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పింది, పెద్దమ్మకి కూడా.

2023 డిసెంబర్‌లో అమ్మ పోయింది. ఐ బ్యాంక్ నుంచి ఇద్దరు వచ్చారు, అరగంట కూడా పట్టలేదు, మొహంలో ఏ తేడా లేదు, తర్వాత తులసి తీర్థం పోసి మిగతావన్నీ ఎప్పటిలాగే చేశాం. పెద్దమ్మ పక్క గదిలో కూర్చుని ఉంది. వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచి, "మీ పెదనాన్నవి కూడా ఇట్లా తీసుకునేవాళ్ళేనా?" అని అడిగింది. తీసుకునేవాళ్ళు పెద్దమ్మా, అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు.

పెద్దకర్మ అయ్యాక తన పేరు కూడా రాయించమంది. జాతీయ అవయవ మార్పిడి సంస్థ వెబ్‌సైట్లో ఆధార్‌తో నమోదు చేసుకునే వీలుంది, నా ఫోన్లోనే తెరిచాను. ఆవిడ ఆధార్‌కి ఉన్న నంబర్ సూళ్ళూరుపేటలో ఉన్న మా అన్నది, ఓటీపీ వాడికి వెళ్ళింది. నన్ను చెయ్యమంటావా అంటే వద్దని, ఫోన్ తనే తీసుకుని వాడితో మాట్లాడింది. ఎందుకమ్మా ఇప్పుడు అని వాడు అటునుంచి అంటున్నాడు. "ముందు ఆ నంబర్ చెప్పరా, చెప్పి నేను చెప్పేది విను" అంది.